ఇంట్లోనే పళ్ళు తెల్లబరుచుకోవడం: నేను చేసినవి, చేయకుండా వదిలేసినవి

నా పళ్ళ రంగు మారిందని గమనించినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే, ఏం వాడావు అని. ఒక్క వస్తువు పేరు చెప్పి ఊరుకుంటే సరిపోదు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను. ఇదంతా కొన్ని నెలల పాటు నెమ్మదిగా సాగిన పని. ఫలితం ముందే చెప్పేస్తాను. నా పళ్ళు ప్రకటనల్లో కనిపించేంత తెల్లగా ఏమీ అవ్వలేదు, వాటి అసలు రంగు వాటికి తిరిగొచ్చింది. టీ మరకలు పోయాయి, చిగుళ్ళ అంచున ఉండే గోధుమ గీత పోయింది, పళ్ళ సందుల్లో నల్లగా కనిపించేది పోయింది. వంటింట్లో దొరికే వస్తువు ఏదైనా చేయగలిగేది ఇంతే. ఇంతకన్నా తెల్లగా, అదీ ఒక్క రోజులో చేస్తానని ఏదైనా చిట్కా చెబుతోందంటే అది చాలాసార్లు పంటి పైపొరను తినేస్తూ తెల్లగా కనిపించేలా చేస్తోందని నా గట్టి నమ్మకం. ఎందుకో కింద రాస్తాను.

మొదట నేను ఏ పొడీ కలపలేదు. ఫోన్ టార్చ్ వేసుకుని, పెద్ద అద్దం ముందు నిలబడి, ఇంకో చిన్న అద్దం నోట్లోకి పట్టుకుని పళ్ళన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాను. దీనికి పెద్ద టైమ్ పట్టదు కానీ చాలా విషయాలు తెలుస్తాయి. ముందు పళ్ళ బయటి వైపు లేత పసుపు, దాని మీద అక్కడక్కడా గోధుమ రంగు పొర. కోరపళ్ళు మిగతా వాటికంటే ఇంకాస్త పసుపు. కింది ముందు పళ్ళ లోపలి వైపు, నాలుక తగిలే చోట, గరుకుగా గట్టిగా ఒక పట్టీ. గోరుతో గీకితే రాలేదు, బ్రష్‌తో ఎంత రుద్దినా కదల్లేదు. అది గార. మెత్తగా ఉన్నప్పుడు అది పాచి, బ్రష్‌తో పోతుంది. రోజుల తరబడి వదిలేస్తే లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి గట్టిపడి గార అవుతుంది. కింది ముందు పళ్ళ వెనకే ఎక్కువ పట్టడానికి కారణం కూడా ఉంది, నాలుక కింద ఉండే లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే. గట్టిపడిన గారను ఇంట్లో ఏ పొడితోనూ తీయలేం. సూదులతో, పిన్నులతో గీకేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి, చిగురు తెగుతుంది, పన్ను మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్ళీ పాచి చేరుతుంది.

పళ్ళు ఎందుకు పసుపుగా కనిపిస్తాయో కాస్త తెలుసుకున్నాక నా టెన్షన్ సగం తగ్గింది. పంటి పైపొర ఎనామిల్, శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. కానీ అది సున్నం వేసినట్టు తెల్లగా ఉండదు, కాస్త మసకగా ఉండే గాజు లాంటిది. దాని వెనక డెంటిన్ అనే పొర ఉంటుంది, దాని సహజమైన రంగే పసుపు. ఎనామిల్ మందంగా ఉంటే ఆ పసుపు తక్కువ కనిపిస్తుంది, పలచబడితే ఎక్కువ కనిపిస్తుంది. వయసు పెరిగే కొద్దీ ఎనామిల్ అరుగుతుంది, లోపల డెంటిన్ ఇంకా మందమవుతుంది, అందుకే పెద్దవాళ్ళ పళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నా చిన్నప్పటి తెలుపు ఉండదు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఎనామిల్‌ను అరగదీసే పని ఏది చేసినా చివరికి పళ్ళు ఇంకా పసుపు తేలతాయి. తెల్లబడాలని చేసిన పనే పసుపు పెంచుతుంది. పైగా ఎనామిల్ తిరిగి పెరగదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. మెత్తబడిన చోట లాలాజలం, ఫ్లోరైడ్ కొంతవరకు మళ్ళీ ఖనిజాన్ని చేర్చి గట్టిపరుస్తాయి గానీ, అరిగిపోయిన పొర మాత్రం పోయినట్టే.

మరకల్లో కూడా రెండు రకాలు. టీ, కాఫీ, సిగరెట్, పొగాకు, ముదురు రంగు పళ్ళరసాలు ఇవన్నీ పైపై మరకలు. ఐరన్ టానిక్‌లు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిముల్ని చంపే మందు ఉన్న మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడటం వల్ల వచ్చే గోధుమ రంగు కూడా పైదే. వీటిని ఇంట్లో కొంత, డాక్టర్ దగ్గర మిగతాది తీయించుకోవచ్చు. లోపలి మరకలు వేరు. చిన్నతనంలో, 8 ఏళ్ళ లోపు, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ వాడినవాళ్ళకు వచ్చే బూడిద, గోధుమ పట్టీలు, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే తెల్ల, గోధుమ మచ్చలు, దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయిన పన్ను నల్లబడటం, ఇవన్నీ లోపలివి. వీటి మీద వంటింటి వస్తువులు రుద్దితే పైపొర పోవడం తప్ప ఏమీ జరగదు. మీది ఏ రకమో తెలుసుకోకుండా చిట్కా మొదలుపెట్టకండి.

గార ఇంట్లో పోదని తెలిశాక డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో అందరూ వద్దన్నారు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయి, ఉన్న పళ్ళు పాడుచేసుకోకు" అని అమ్మ మరీ మరీ చెప్పింది. ఇదే మాట డాక్టర్ గారిని అడిగేశాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. గార పళ్ళ మధ్య సందుల్లో నిండిపోయి ఉంటుంది, చిగురు వాచి ఉంటుంది, గార తీసేసరికి ఆ సందు బయటపడుతుంది, వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, అది చూసి పళ్ళు వదులయ్యాయనుకుంటారు. నిజానికి గార ఉంటేనే లోపల ఎముక కరిగి పన్ను కదులుతుంది. ధైర్యం చేసి గార తీయించుకున్నాను. కొన్ని రోజులు చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంది, తర్వాత తగ్గిపోయింది.

"డాక్టర్ గారూ, ఇంట్లో తినే సోడాతో తోముకుంటే ఇంకా తెల్లబడతాయా" అని అడిగాను.

"అసలు మీ పళ్ళ రంగు ఏంటో ముందు చూద్దాం రండి" అని, పంటి ఆకారంలో ఉన్న చిన్న చిన్న నమూనాలు వరసగా అమర్చిన పట్టీ ఒకటి తీశారు. 16 రంగులు ఉంటాయి అందులో, ఏ, బీ, సీ, డీ అని నాలుగు గుంపులు. ఏ అంటే ఎరుపు గోధుమ ఛాయ, బీ అంటే ఎరుపు పసుపు, సీ బూడిద, డీ ఎరుపు బూడిద. ఒక్కో గుంపులో అంకె పెరిగే కొద్దీ రంగు ముదురు. నా ముందు పళ్ళ పక్కన పెట్టి చూస్తే ఏ2 దగ్గరగా సరిపోయింది, కోరపళ్ళు ఏ3. "ఇదే మీ అసలు రంగు, మరకలు పట్టకుండా చూసుకుంటే ఇలాగే ఉంటాయి, ఇంతకంటే తెల్లగా కావాలంటే సోడా పని చేయదు, మందుతో రంగు తగ్గించే బ్లీచింగ్ చేయాలి, మీకు అవసరమని నాకు అనిపించట్లేదు" అన్నారు. కోరపళ్ళు ఎవరికైనా కాస్త పసుపుగానే ఉంటాయట, వాటిలో డెంటిన్ ఎక్కువ. ఆ మాట వినేదాకా నేను వాటినే ఎక్కువ రుద్దుతూ ఉండేదాన్ని.

ఇంటికి వచ్చాక ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టాను. రోజూ చూసుకుంటే తేడా తెలియదు కాబట్టి ఇది తప్పనిసరి. ఒకే కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, గడ్డం కింద తెల్ల కాగితం పట్టుకుని తీయాలి, అప్పుడు ఫోన్ రంగులు మార్చినా కాగితంతో పోల్చుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, నోరు తెరిచి ఎక్కువసేపు ఉంచితే పళ్ళు ఆరిపోయి వాటంతటవే తెల్లగా కనిపిస్తాయి. లాలాజలం తగిలి తడిస్తే మళ్ళీ మామూలు రంగుకు వస్తాయి. చాలా చిట్కా వీడియోల్లో ముందు, తర్వాత అని చూపించే తేడాలో ఇది కూడా కలిసి ఉంటుంది. పళ్ళు బాగా ఆరాక తీసిన ఫోటోని నమ్మకండి. పెదాలు మూసి, నాలుకతో పళ్ళు తడిపి, వెంటనే తీయండి.

నిమ్మరసం, సోడా కలిపి రుద్దితే నిమిషాల్లో తెల్లబడతాయని మా అక్క కూతురు తెగ చెప్పేది. నా పళ్ళ మీద ప్రయోగం చేయడం ఇష్టంలేక కోడిగుడ్డు పెంకు మీద చేశాం. తెల్ల పెంకు ఉన్న గుడ్లు ఉడకబెట్టి, బాగా చిక్కగా కాచిన పాలు లేని టీ డికాషన్‌లో రాత్రంతా ఉంచాం. పొద్దునకు పెంకులు గోధుమ రంగుకి వచ్చాయి, అచ్చం పళ్ళకు పట్టిన మరకలాగే మచ్చలు మచ్చలుగా. ఒకదాన్ని తడి సోడాతో మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోమితే రంగు చాలావరకు వదిలింది, పెంకు నున్నగానే ఉంది. రెండోదాన్ని నిమ్మరసంలో పెట్టాం. పెట్టగానే పెంకు మీదంతా సన్నటి బుడగలు లేచాయి. కాసేపటికి వేలితో తడిమితే పైన గోధుమ జిగురు పొర ఒకటి వేలికి అంటుకుని ఊడి వచ్చింది, దాని కింద పెంకు చాలా తెల్లగా ఉంది. అది చూసి "చూశావా పిన్నీ, నిమ్మకాయే గెలిచింది" అంది. ఆ తెల్లటి చోట గోరు ఆనించి చూడమన్నాను. సుద్దపొడి రాలింది. మెరుపు లేదు, గరుకుగా ఉంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్, పన్ను హైడ్రాక్సీ అపటైట్ అనే వేరే కాల్షియం ఖనిజం, రెండూ ఒకటి కాదు, పెంకు ఇంకా తొందరగా కరుగుతుంది. కానీ ఆమ్లానికి రెండూ కరిగేవే. నిమ్మరసం వల్ల వచ్చే తెలుపు శుభ్రమైన పంటి తెలుపు కాదు, పైపొర కరిగి గరుకెక్కి వెలుతురు చెదిరినప్పుడు కనిపించే తెలుపు. నిమ్మకాయ తిన్నాక పళ్ళు పులుస్తాయే, అప్పుడు నాలుకతో తడిమితే పళ్ళు ఒకదానికొకటి గీసుకుంటున్నట్టు ఉంటుంది, జరిగేది అదే.

అంకెల్లో చెప్పాలంటే, ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 మధ్య ఉంటుంది. ఆపిల్ సిడర్ వెనిగర్ కూడా 3 కి అటూ ఇటూ. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది, కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. సోడా కలిపితే ఆమ్లం పోతుంది కదా అని అడుగుతారు. పోతుంది, రెండూ కలిసి బుస్సున పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అలాంటప్పుడు నిమ్మకాయ వేయడం దేనికి? సోడా తక్కువైతే ఆమ్లం మిగులుతుంది, ఎక్కువైతే ఉత్త సోడాయే మిగులుతుంది, ఇంట్లో కొలత ఎవరు చూస్తారు. ఆ పొంగు చూసి మరక వదులుతోందని అనుకుంటాం గానీ అది కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. స్ట్రాబెర్రీ, సోడా మిశ్రమం సంగతి కూడా ఇలాంటిదే. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ వాళ్ళు పీకేసిన పళ్ళ మీద దీన్ని పరీక్షించి, పైపై మురికి పోవడం తప్ప పన్ను తెల్లబడలేదని 2014లో చెప్పారు. ఆ పండులోనూ సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. కాబట్టి పుల్లటివి తినడానికే, రుద్దడానికి కాదని మా ఇంట్లో తేల్చేశాం.

ఇక సోడా. నేను వాడింది ఇదొక్కటే, అదీ జాగ్రత్తగా. తినే సోడా అంటే సోడియం బైకార్బొనేట్. బేకింగ్ పౌడర్ వేరు, అందులో ఆమ్ల పదార్థం కూడా కలిపి ఉంటుంది, అది వాడొద్దు. బట్టల సోడా అసలు నోటి దగ్గరికే తేవొద్దు, అది కాల్చేస్తుంది. ప్యాకెట్ మీద పేరు చదివి తీసుకోండి. తినే సోడా మంచిదని ఎందుకంటానంటే అది మెత్తనిది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10, ఎనామిల్ సుమారు 5, ఈ సోడా 2.5. నీళ్ళలో కరుగుతుంది కూడా, రుద్దుతుండగానే రేణువులు చిన్నవైపోతాయి. టూత్‌పేస్టులు పంటిని ఎంత అరగదీస్తాయో చెప్పే ఆర్‌డీఏ అనే కొలత ఒకటి ఉంది, 250 వరకు పరిమితి, సోడా ఒక్కదానిదీ 7 మాత్రమే. పైగా దాని పీహెచ్ 8.3 దగ్గర ఉంటుంది కాబట్టి నోట్లో ఆమ్లాన్ని తగ్గిస్తుంది.

కానీ సోడాలో ఫ్లోరైడ్ లేదు. పంటికి పుచ్చు రాకుండా కాపాడేది పేస్టులోని ఫ్లోరైడ్, పెద్దవాళ్ళ పేస్టుల్లో 1000 నుంచి 1500 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు, ఉంటుంది. అందుకే పేస్టు మానేసి సోడాతో తోముకోవడం నాకు నచ్చలేదు. నేను ఏం చేశానంటే, వారంలో రెండు మూడు రాత్రులు, బ్రష్ మీద మామూలు పేస్టు పెట్టుకుని దాని కొసను సోడాలో అలా అద్దేదాన్ని, చిటికెడు కూడా అంటదు. బ్రష్ మెత్తటిదే, సాఫ్ట్ అని రాసి ఉన్నది. చిగురుకీ పంటికీ కలిసే చోట బ్రష్‌ను ఏటవాలుగా, 45 డిగ్రీలలో ఆనించి, చిన్న చిన్న కదలికలతో, వేళ్ళ కొసలతో పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని. పిడికిలితో పట్టుకుంటే మనకు తెలియకుండానే ఒత్తేస్తాం. రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. రుచి బాగోదు, ఉప్పగా, సబ్బు నాలుకకి తగిలినట్టు ఉంటుంది, అలవాటవుతుంది. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు మింగకుండా బాగా ఉమ్మేయాలి, సోడాలో సోడియం ఉంటుంది.

మొదటి వారాల్లో తేడా నాలుకకి ముందు తెలిసింది, కళ్ళకి తర్వాత. పళ్ళు సాయంత్రానికి కూడా నున్నగా ఉండేవి. ఫోటోల్లో అయితే రెండు పళ్ళు కలిసే సందుల దగ్గర ఉన్న గోధుమ నీడ ముందు తగ్గింది. బ్రష్ వెళ్ళని చోటికి దారం పోనిచ్చాను, డెంటల్ ఫ్లాస్ అంటారే అది, రోజూ రాత్రి. నా అంచనాలో సందుల్లో నలుపు పోవడానికి సోడా కంటే దారమే ఎక్కువ పని చేసింది. దీని గురించి చిట్కాల్లో ఎవరూ చెప్పరు.

మధ్యలో ఒకసారి చల్లటి నీళ్ళకి కింది పళ్ళు జివ్వుమనడం మొదలైంది. వెంటనే సోడా ఆపేశాను. చిగురు కాస్త దిగిన చోట డెంటిన్ బయటపడి ఉంటుంది, అందులో సన్నటి గొట్టాలు నరం దాకా వెళ్తాయి, అక్కడ రుద్దితే జివ్వుమంటుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడాను, తోముకున్నాక నోరు నీళ్ళతో కడిగేయకుండా ఉత్తగా ఉమ్మేసి వదిలేశాను, పేస్టు పంటి మీద ఉండేలా. కొన్ని వారాలకి సర్దుకుంది. అప్పటి నుంచి సోడా వారానికి ఒక్కసారే. జివ్వుమంటున్నా తెల్లబడాలని కొనసాగించడం మాత్రం ఎవరూ చేయొద్దు, పన్ను చెప్పే మొదటి మాట అదే.

బొగ్గు పొడి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఒద్దు. బొగ్గు మరకను పీల్చుకుంటుందని చెబుతారు, కానీ పంటి మీద జరిగేది ఎక్కువగా రాపిడే. రేణువుల పరిమాణం ఒక్కో పొడిలో ఒక్కోలా ఉంటుంది. నల్లటి పొడి చిగుళ్ళ అంచున, పాత ఫిల్లింగుల చుట్టూ, పళ్ళ పగుళ్ళలో ఇరుక్కుని సన్నటి నల్ల గీతల్లా ఉండిపోతుంది, తీయడం కష్టం. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన సమీక్షలో బొగ్గు పళ్ళపొడులు సురక్షితమనీ, బాగా పని చేస్తాయనీ చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని రాశారు. గరుకు ఉప్పు, ఇటుక పొడి, బూడిద, వీటన్నిటికీ నా జవాబు ఇదే.

కొబ్బరి నూనె పుక్కిలించడం చేశాను. పొద్దున్నే ఒక చెంచా నూనె నోట్లో పోసుకుని తిప్పుతూ ఉండటం, నూనె పలచబడి తెల్లగా అయ్యాక ఉమ్మేయడం. నోరు తాజాగా అనిపించింది, పెదాలు ఎండలేదు. పళ్ళ రంగులో మాత్రం ఫోటోల్లో నాకు ఏ తేడా కనపడలేదు. ఇష్టమైతే చేయండి, నష్టం లేదు, కానీ బ్రష్‌కి బదులు కాదు. మింగకూడదు, పుక్కిలిస్తూ గట్టిగా ఊపిరి పీల్చకూడదు. సింకులో ఉమ్మితే 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న రోజుల్లో గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, కాగితంలో ఉమ్మి చెత్తబుట్టలో వేయండి. పసుపు పేస్టు కూడా చాలామంది చెబుతారు. పసుపులోని కర్క్యుమిన్ రంగు వేసే పదార్థం, బ్రష్ కుచ్చులు పచ్చగా అయిపోతాయి, ఫిల్లింగ్ అంచులు కూడా ఆ రంగు పట్టే అవకాశం ఉంది. చిగుళ్ళ వాపుకి దాని ఉపయోగం వేరే చర్చ, తెల్లదనానికి మాత్రం నేను వాడను. అరటి తొక్క లోపలి వైపు రుద్దడం వల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు.

లోపలి రంగును నిజంగా మార్చగలిగేది పెరాక్సైడ్ ఒక్కటే. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎనామిల్ గుండా లోపలికి వెళ్ళి రంగునిచ్చే అణువులను విడగొడుతుంది, అందుకే రంగు నిజంగా తేలికవుతుంది. రాత్రిపూట పంటికి సరిపోయే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పెట్టుకునే పద్ధతి 1989లో దంతవైద్య పత్రికలో వచ్చింది, ఇప్పటికీ డాక్టర్లు ఇంటికి ఇచ్చేది చాలావరకు అదే. అందులో అసలు హైడ్రోజన్ పెరాక్సైడ్ 3.5 శాతం దగ్గర ఉంటుంది. యూరప్‌లో అయితే 0.1 శాతం దాటిన తెల్లబరిచే వస్తువులు డెంటిస్ట్ ద్వారానే, అదీ 6 శాతం వరకే. గాయాలకు వాడే పెరాక్సైడ్ సీసా ఇంట్లో ఉంది కదా అని దూదితో అద్దుకోవడం మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ట్రే లేకుండా అది చిగుళ్ళ మీదకి కారుతుంది, చిగురు తెల్లగా పాలిపోయి మండుతుంది, ఎంతసేపు ఉంచాలో చెప్పేవాళ్ళు ఉండరు. బ్లీచింగ్ కావాలనుకుంటే డాక్టర్ ఇచ్చిన ట్రేతోనే చేయండి, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వద్దు.

ఇన్ని చెప్పాను గానీ, నా పళ్ళ రంగు నిలబడటానికి అసలు కారణం టీ తాగే తీరు మార్చుకోవడం. పని చేస్తూ పక్కన గ్లాసు పెట్టుకుని గంటల తరబడి గుటక గుటకగా తాగే అలవాటు నాది. తోముకున్న నిమిషాల్లోనే పంటి మీద లాలాజలంలోని ప్రోటీన్లతో కంటికి కనపడని పలచటి పొర ఏర్పడుతుంది, టీకి వగరునిచ్చే టానిన్లు అంటుకునేది ఆ పొరకే. గంటల తరబడి తడుపుతూ ఉంటే మరక అంతసేపు పడుతుంది. ఇప్పుడు టీ పెట్టుకుంటే కూర్చుని తాగేసి, వెంటనే నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి మింగేస్తాను, ఎక్కడున్నా చేయగలిగే పని ఇది. పాలు పోసిన టీ పాలు లేని దానికంటే తక్కువ మరక చేస్తుంది, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది. పుల్లటి పానీయాలు తాగిన వెంటనే మాత్రం బ్రష్ చేయను. ఆమ్లంతో ఎనామిల్ మెత్తబడి ఉంటుంది, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది, అప్పటిదాకా నీళ్ళతో పుక్కిలించి ఊరుకోవాలి.

చెక్కెర లేని చూయింగ్ గమ్ కూడా సాయం చేస్తుంది, లాలాజలం ఊరుతుంది కాబట్టి. ధూమపానం చేసేవాళ్ళు మాత్రం అది మానకుండా ఏ చిట్కా చేసినా మరక తిరిగి వచ్చేస్తుంది. మా బావగారికి నెమ్మదిగా నచ్చజెబుతున్నాం.

ఇప్పుడు కిటికీ దగ్గర తీసిన మొదటి ఫోటో, ఈ మధ్య తీసినది పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తోంది. ముందు పళ్ళు డాక్టర్ గారు చూపించిన ఆ ఏ2 రంగులోనే నిలబడ్డాయి, మళ్ళీ మరక పట్టలేదు. కోరపళ్ళు అలాగే ఉన్నాయి, వాటిని ఇక పట్టించుకోవట్లేదు. ఒక పన్ను అంచున చాలా ఏళ్ళ కిందట వేయించుకున్న ఫిల్లింగ్ మాత్రం ఇప్పుడు బాగా కనిపిస్తోంది, చుట్టూ పన్ను శుభ్రపడింది, అది పాత రంగులోనే ఉండిపోయింది. ఫిల్లింగులు, తొడుగులు సోడాతో గానీ బ్లీచింగ్‌తో గానీ తెల్లబడవు. కాబట్టి ముందు పన్నుకి కొత్తగా తొడుగు వేయించుకునే ఆలోచన ఉన్నవాళ్ళు పళ్ళ రంగు సంగతి ముందు తేల్చుకుని, ఆ రంగుకి సరిపోయేలా తొడుగు ఎంచుకోవాలి, బ్లీచింగ్ చేయించుకుని ఉంటే కనీసం రెండు వారాలు ఆగాలి. నా ఫిల్లింగ్‌కి పాలిష్ పెడితే సరిపోతుందో, తీసి కొత్తది వేయాలో, వచ్చేసారి క్లీనింగ్‌కి వచ్చినప్పుడు చూసి చెబుతానన్నారు డాక్టర్ గారు.